‘రోగనిరోధక శక్తి’ అనే ఏకవచనం: ఖనిజ పోషకాలు, టీకా ప్రతిస్పందన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

జింక్, ఇనుము, సెలీనియం వంటి ఖనిజ పోషకాలు రోగనిరోధక శక్తిని పెంచుతాయన్న వాక్యం తెలుగు ఆరోగ్య రచనలో స్థిరపడిపోయింది. వాటిని తీసుకుంటే టీకా కూడా మరింత బాగా పనిచేస్తుందన్న భావన దానికి కొనసాగింపుగా వ్యాప్తిలో ఉంది. ఈ భావనను టీకా ప్రతిస్పందనపై జరిగిన క్లినికల్ పరీక్షల ఫలితాలతో పక్కపక్కన పెట్టి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరీక్షలు చెప్పేది ఒకే మాట కాదు. ఒకే టీకాకు ఒకే ఖనిజం ఒక ప్రతిరక్షకాన్ని పెంచి మరొకదాన్ని తగ్గించిన సందర్భం ఉంది. లోపం ఉన్నవారిలో కనిపించిన మేలు లోపం లేనివారిలో కనిపించకపోవచ్చు. ‘శక్తి’ అనే ఏకవచనం ఈ భేదాలన్నిటినీ కప్పిపెడుతోందనీ, ఆ కప్పిపుచ్చడం వల్ల నష్టపోతున్నది నిజంగా లోపం ఉన్న పిల్లలేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టీకా, జింక్, ఇనుము, సెలీనియం, ప్రతిరక్షకాలు, రోగనిరోధక శక్తి, ఆరోగ్య రచన, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం

కోవిడ్ కాలంలో తెలుగునాట చాలా ఇళ్లలో జింక్ బిళ్లలు కొని పెట్టుకున్నారు. మొదట వ్యాధి రాకుండా వేసుకున్నారు. 2021లో టీకాలు అందుబాటులోకి వచ్చాక, ‘టీకా బాగా పట్టడానికి’ వేసుకున్నారు. ఈ రెండో కారణం వినడానికి సహేతుకంగానే ఉంటుంది. జింక్ రోగనిరోధక శక్తిని పెంచుతుంది. టీకా పనిచేసేది రోగనిరోధక శక్తి ద్వారానే. కాబట్టి జింక్ టీకాకు తోడ్పడుతుంది. తర్కశాస్త్రం ప్రకారం చూస్తే రెండు ప్రతిజ్ఞలు, ఒక నిగమనం. అయితే ఈ నిగమనం నిలవాలంటే రెండు ప్రతిజ్ఞల్లోనూ ‘రోగనిరోధక శక్తి’ అన్న మాటకు ఒకే అర్థం ఉండాలి. అది లేదని చూపడమే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

ఈ పరిశీలనకు రెండు పరిధులు ఉన్నాయి. ఒకటి, వైద్య పరిశోధన సాహిత్యం: ఖనిజ పోషకాలు ఇచ్చి, టీకా వేసి, ప్రతిస్పందనను కొలిచిన పరీక్షలు. రెండు, ఆ సాహిత్యం తెలుగులోకి వచ్చేసరికి ఏ వాక్యంగా మారుతున్నదన్నది. మొదటిదాన్ని వైద్యులకూ రెండోదాన్ని భాషావేత్తలకూ వదిలివేయడం అలవాటు. ఈ రెండింటినీ కలిపి చదివితే తప్ప పొరపాటు ఎక్కడ జరుగుతున్నదో తెలియదు.

2. పరిభాష: అసంక్రామ్యత నుంచి శక్తి వరకు

1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడిన నాటినుంచి తెలుగులో శాస్త్రరచన పరిభాషతో పెనుగులాడుతూనే ఉంది. తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాలు ఈ విషయానికి ‘అసంక్రామ్యత’ అనే పదాన్ని వాడాయి. అది ఒక స్థితిని చెప్పే మాట: వ్యాధి సంక్రమించని స్థితి. పలకడానికి కష్టమైన ఆ పదం తరగతి గది దాటలేదు. పత్రికల్లో, ప్రసారాల్లో, మందుల పెట్టెలపై నిలిచినది ‘రోగనిరోధక శక్తి’. ఇది స్థితిని కాక పరిమాణాన్ని చెప్పే మాట.

తెలుగులో ‘శక్తి’ చివర చేరిన సమాసాలను గమనిస్తే ఒక లక్షణం కనిపిస్తుంది. జీర్ణశక్తి, జ్ఞాపకశక్తి, కొనుగోలుశక్తి: ఇవన్నీ తగ్గుతాయి, పెరుగుతాయి. వీటితో సహజంగా వచ్చే క్రియలు ‘పెరుగు’, ‘తగ్గు’, ‘సన్నగిల్లు’ మాత్రమే. వీటి వెనుక ‘సత్తువ’, ‘బలం’ అనే పాత భావనలు ఉన్నాయి. మంచి తిండి తింటే సత్తువ వస్తుంది; నీరసంగా ఉంటే డాక్టరు ‘బలానికి బిళ్లలు’ రాస్తాడు. ‘రోగనిరోధక శక్తి’ కూడా ఈ కుటుంబంలోనే చేరింది. కాబట్టి ఏదైనా పోషకం పేరు కర్తగా, ‘రోగనిరోధక శక్తి’ కర్మగా, ‘పెంచుతుంది’ క్రియగా ఒక వాక్యం తయారైతే దాన్ని పాఠకుడు ప్రశ్నించడు. ప్రశ్నించవలసిన అవసరం భాషలో ఎక్కడా కనిపించదు.

శరీరంలో జరిగేది వేరు. టీకాలోని ప్రతిజనకాన్ని గుర్తుపట్టే బి-కణాలు, టి-కణాలు వేటికవే ప్రత్యేకమైనవి. తట్టుకు స్పందించేవి కలరాకు స్పందించవు. ఒకే సూక్ష్మజీవిలోని రెండు భాగాలకు రెండు వేర్వేరు ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, తయారవుతాయి. వాటి సంఖ్య ఒక విషయం, ప్రతిజనకాన్ని అవి ఎంత గట్టిగా పట్టుకుంటాయన్నది మరొక విషయం, అవి ఎంతకాలం ఉంటాయన్నది ఇంకొక విషయం. ఇవన్నీ కలిసి ఒకే దిశలో పెరగాలన్న నియమం లేదు. ఒక సందర్భంలో అవి వ్యతిరేక దిశల్లో కదిలాయి. ఆ సందర్భంతోనే పరిశీలన మొదలుపెట్టడం ఉచితం.

3. జింక్: ఒకే టీకా, రెండు ఫలితాలు

జింక్ లోపం మనిషికి ఉండగలదని తొలిసారి గుర్తించినవారు బీహార్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆయన పరీక్షించిన ఒక రోగి వయసు 21 ఏళ్లు. చూడటానికి పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. అతని ఆహారం దాదాపుగా రొట్టె, దానితోపాటు మట్టి తినే అలవాటు. ధాన్యాల్లోని ఫైటేట్లు జింక్‌ను శరీరానికి అందకుండా పట్టి ఉంచుతాయి. తర్వాతి దశాబ్దాల్లో ఆయన బృందం చేసిన పరిశోధనలు, జింక్ తగ్గితే థైములిన్ అనే హార్మోను క్రియ, కొన్ని టి-కణాల సంకేత పదార్థాలు తగ్గుతాయని చూపాయి. కాబట్టి జింక్‌కూ రోగనిరోధక వ్యవస్థకూ సంబంధం ఉందనడంలో సందేహం లేదు. ఆ సంబంధ స్వరూపం ఏమిటన్నదే ప్రశ్న.

బంగ్లాదేశ్‌లో 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు నోటి ద్వారా కలరా టీకా ఇచ్చి, కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల జింక్, కొందరికి మందులేని ఉత్తుత్తి ద్రవం ఇచ్చి చేసిన పరీక్ష ఫలితాలు 2003, 2004 సంవత్సరాల్లో వెలువడ్డాయి. ఆ టీకాలో రెండు భాగాలు ఉంటాయి: చంపిన కలరా సూక్ష్మజీవులు, కలరా విషపదార్థంలోని బి-ఉపభాగం అనే ప్రోటీన్. 2003లో వచ్చిన పత్రం, జింక్ పుచ్చుకున్న పిల్లల్లో సూక్ష్మజీవిని చంపే ప్రతిరక్షకాలు పెరిగాయని తెలిపింది. 2004లో అదే పరిశోధనా వర్గం నుంచి వచ్చిన రెండో పత్రం, జింక్ పుచ్చుకున్న పిల్లల్లోనే విషపదార్థానికి ఎదురైన ప్రతిరక్షకాలు తగ్గాయని తెలిపింది. నార్వేలో ఆరోగ్యవంతులైన వయోజనులపై జరిగిన చిన్న పరీక్షలోనూ ఇదే ద్వంద్వ ధోరణి కనిపించింది.

ఈ పిల్లల ‘రోగనిరోధక శక్తి’ పెరిగిందా, తగ్గిందా? ప్రశ్నే అర్థం కోల్పోతుంది. ఒక భాగానికి ప్రతిస్పందన పెరిగింది, మరొక భాగానికి తగ్గింది. ఇది కేవలం ప్రయోగశాల వింత కాదు. 1985లో బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో మొదలైన క్షేత్రపరీక్షలో బి-ఉపభాగం ఉన్న టీకా మొదటి ఆరునెలల్లో 85 శాతం రక్షణనిస్తే, అది లేని టీకా 58 శాతం రక్షణనిచ్చింది. ఆ తర్వాతి కాలంలో ఈ తేడా నిలవలేదు. అంటే విషపదార్థానికి ఎదురైన ప్రతిరక్షకాలకు, కనీసం తొలినెలల్లో, విలువ ఉందనుకోవడానికి ఆధారం ఉంది. జింక్ ఇచ్చిన పిల్లల్లో తగ్గినవి అవే. మొదటి పత్రాన్ని మాత్రమే చదివి వార్త రాసిన వ్యక్తి అబద్ధం చెప్పడు. సగం నిజం చెబుతాడు. మన ఆరోగ్య రచనకు పట్టుకున్న వ్యాధి అబద్ధం కన్నా ఈ సగం నిజమే.

4. నోటి టీకాల సమస్య: పాకిస్తాన్, వేలూరు

నోటి ద్వారా ఇచ్చే టీకాలు పేద ప్రాంతాల్లో తక్కువగా పనిచేస్తాయన్నది దక్షిణ భారతంలోనే ముందుగా స్పష్టమైన విషయాల్లో ఒకటి. 1970 దశకంలో వేలూరులో టి. జాకబ్ జాన్ చేసిన పరిశోధనలు పోలియో చుక్కలకు మన పిల్లల్లో ప్రతిస్పందన తక్కువగా ఉందని చూపాయి. రోటావైరస్ టీకాల విషయంలోనూ ఇదే అనుభవం. సంపన్న దేశాల్లో తీవ్రమైన విరేచనాలను 85 శాతానికి పైగా నివారించిన ఈ రకం టీకాలు పేద దేశాల్లో అంతగా ఫలించలేదు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ ఢిల్లీ, పుణె, వేలూరు కేంద్రాల పరీక్షలో మొదటి ఏడాది సుమారు 56 శాతం రక్షణనిచ్చింది. 2016లో రోటావైరస్ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి కాబట్టి ఇది మనకు దూరపు చర్చ కాదు.

ఈ లోటుకు జింక్ లోపమే కారణమైతే జింక్ ఇస్తే పూడాలి. పాకిస్తాన్‌లో నవజాత శిశువులకు 18 వారాల వయసు వరకు రోజుకు 10 మిల్లీగ్రాముల జింక్ ఇచ్చి, పోలియో చుక్కలకు వారి ప్రతిస్పందనను కొలిచారు. 2015లో వెలువడిన ఆ పత్రం శీర్షికలోనే ఫలితం ఉంది: జింక్ పోలియో చుక్కల ప్రభావాన్ని పెంచలేకపోయింది.

వేలూరులో సుమారు 620 మంది శిశువులపై జరిగిన పరీక్ష ఇంకా నిశితమైనది. అందులో నాలుగు బృందాలు: జింక్ మాత్రమే, మేలుచేసే సూక్ష్మజీవులు, అంటే ప్రోబయోటిక్, మాత్రమే, రెండూ కలిపి, ఏదీ లేకుండా. జింక్ మోతాదు రోజుకు 5 మిల్లీగ్రాములు. ఏదీ ఇవ్వని బృందంలో 27 శాతం మందిలో, జింక్ మాత్రమే ఇచ్చిన బృందంలో 28 శాతం మందిలో, రెండూ ఇచ్చిన బృందంలో 39 శాతం మందిలో రోటావైరస్ టీకాకు తగిన ప్రతిరక్షకాలు తయారయ్యాయి. చివరి అంకె ఆశ కలిగిస్తుంది. కానీ పరిశోధకులు ముందుగా నిర్ణయించుకున్న విశ్లేషణలో జింక్ ప్రభావం గణాంకపరంగా నిర్ధారణ కాలేదు. ‘జింక్, పెరుగు కలిపి తీసుకుంటే టీకా బాగా పనిచేస్తుంది’ అని 39 అనే అంకె నుంచి ఒక వార్తాశీర్షిక తయారుచేయడం సులువు. 27, 28 అనే పక్కపక్క అంకెలు ఆ శీర్షిక కింద కనిపించకుండాపోతాయి.

ఈ రెండు పరీక్షల నుంచి జింక్ నిష్ప్రయోజనమని తీర్మానించడం కూడా తొందరపాటే. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు 10 నుంచి 14 రోజులు జింక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో చేసిన సిఫారసుకు బలమైన ఆధారాలున్నాయి. విరేచనాల చికిత్సలో నిరూపితమైన మేలును టీకా ప్రతిస్పందనకు బదిలీ చేయలేమన్నదే ఇక్కడి పాఠం. ఆ బదిలీకి దారి తీస్తున్నది ‘శక్తి’ అనే ఉమ్మడి పదం.

5. వృద్ధులు: మోతాదు, లోపం, ఉపసంహరణ

వయసు మీదపడినవారిలో టీకాలకు ప్రతిస్పందన తగ్గుతుంది. 1981లో వెలువడిన ఒక పరీక్షలో 70 ఏళ్లు దాటిన 15 మందికి నెలపాటు రోజుకు రెండుసార్లు 220 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్ ఇస్తే ధనుర్వాతం టీకాకు ప్రతిస్పందన మెరుగుపడింది. ఈ మోతాదులో అసలు జింక్ రోజుకు సుమారు 100 మిల్లీగ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ప్రకటించిన ప్రమాణాల్లో వయోజనులకు గరిష్ఠ పరిమితి 40 మిల్లీగ్రాములు. అధిక జింక్ రాగి శోషణను అడ్డుకుంటుంది. కాబట్టి 15 మందిలో కనిపించిన ఆ ఫలితాన్ని ఉదహరించేవారు మోతాదును కూడా చెప్పవలసి ఉంటుంది.

తర్వాతి పెద్ద పరీక్షలు పరస్పరం ఏకీభవించలేదు. ఇటలీలో వృద్ధులపై 1998లో వెలువడిన పరీక్షలో జింక్ ఇచ్చినా ఇన్‌ఫ్లుయెంజా టీకాకు ప్రతిస్పందన మారలేదు. ఫ్రాన్స్‌లో వృద్ధాశ్రమాల వంటి సంరక్షణ కేంద్రాల్లోని 725 మందిపై 1999లో వెలువడిన పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్, 100 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చినవారిలో ఆ టీకాకు ప్రతిరక్షకాలు ఎక్కువగా కనిపించాయి. విటమిన్లు మాత్రమే ఇచ్చిన బృందంలో తక్కువగా కనిపించాయి. ‘విటమిన్లు, మినరల్స్’ అని ఒకే ఊపులో పలికే జంటపదాన్ని ఈ పరీక్ష విడదీసింది. రెండు పరీక్షల మధ్య జనం వేరు, మోతాదు వేరు, కాలవ్యవధి వేరు. వీటిలో ఏ ఒక్కదాన్నో ఎంచుకొని ‘పరిశోధనలు చెబుతున్నాయి’ అనడం న్యాయం కాదు.

ఈ సాహిత్యానికి మరొక మచ్చ కూడా ఉంది. వృద్ధులకు విటమిన్లు, సూక్ష్మ ఖనిజాలు ఇస్తే ప్రతిరక్షకాల ప్రతిస్పందన పెరిగి అంటురోగాలు తగ్గుతాయని చెప్పిన ఆర్.కె. చంద్ర పత్రం 1992లో ‘లాన్సెట్’లో వెలువడింది. ఆ పత్రిక దాన్ని 2016లో ఉపసంహరించుకుంది. మధ్యలోని 24 ఏళ్లలో అది అనేక సమీక్షల్లో ఆధారంగా నిలిచింది. పత్రిక ఒక పత్రాన్ని ఉపసంహరించుకోగలదు. దానినుంచి పుట్టి జనం నోట నానిన వాక్యాన్ని ఎవరూ ఉపసంహరించరు. తెలుగులో ఆరోగ్య వ్యాసం రాసేవారు తాము ఆధారపడిన పత్రం ఇంకా నిలిచి ఉందో లేదో చూసుకోవడం కనీస ధర్మం.

6. సెలీనియం: కొలిచేదాన్నిబట్టి ఫలితం

సెలీనియం విషయంలో ‘ఏం కొలిచారు’ అన్న ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. బ్రిటన్‌లో సెలీనియం కాస్త తక్కువగా ఉన్న 22 మంది వయోజనులకు 15 వారాలపాటు రోజుకు 50 లేదా 100 మైక్రోగ్రాముల సెలీనియంగానీ, ఉత్తుత్తి బిళ్లగానీ ఇచ్చి, మధ్యలో బలహీనపరచిన పోలియో వైరస్ ఉన్న టీకా వేశారు. 2004లో వెలువడిన ఆ పత్రం ప్రకారం సెలీనియం అందినవారిలో టి-కణాలు త్వరగా వృద్ధి చెందాయి, వారి మలంలో బయటపడిన టీకా వైరస్‌లో ఉత్పరివర్తనాలు తక్కువగా ఉన్నాయి. ప్రతిరక్షకాల పరిమాణంలో మాత్రం మార్పు లేదు. ప్రతిరక్షకాలను మాత్రమే కొలిచి ఉంటే ‘ప్రభావం లేదు’ అని ఆ పరీక్ష ముగిసేది. సెలీనియం లేని ఎలుకల్లో నిరపాయమైన కాక్సాకీ వైరస్ హానికరంగా మారడం 1995లోనే తెలిసిన విషయం కాబట్టి, వైరస్ ఉత్పరివర్తనాలు తగ్గడం చిన్న సంగతి కాదు.

తర్వాత ఇన్‌ఫ్లుయెంజా టీకాతో 50 నుంచి 64 ఏళ్లవారిపై జరిగిన మరొక బ్రిటిష్ పరీక్ష, సెలీనియం ప్రభావం ‘మేలూ కీడూ’ రెండూ అని తన శీర్షికలోనే చెప్పుకుంది. శాస్త్ర పత్రం శీర్షికలో రెండు మాటలు పట్టినప్పుడు ఆరోగ్య శీర్షికలో ఎందుకు పట్టవన్నది అడగదగిన ప్రశ్న.

7. ఇనుము: మేలుకూ కీడుకూ మధ్య దూరం

పై ఖనిజాల కన్నా ఇనుము మన చర్చకు ముఖ్యమైనది. బి-కణాలు, టి-కణాలు వేగంగా విభజన చెందాలంటే ఇనుము కావాలి. డీఎన్ఏ నిర్మాణానికి అవసరమైన ఒక ముఖ్య ఎంజైము ఇనుము లేనిదే పనిచేయదు. కణంలోకి ఇనుమును తీసుకుపోయే గ్రాహకంలో జన్యులోపం ఉన్న పిల్లల్లో రోగనిరోధక వ్యవస్థే దెబ్బతింటుందని 2016లో వెల్లడైంది. రక్తంలో ఇనుమును తగ్గించే హెప్సిడిన్ హార్మోను టీకా ప్రతిస్పందనను ఎలా కుంగదీస్తుందో 2021లో ఎలుకల్లో చూపారు. ఇనుము తక్కువైన పందిపిల్లల్లోనూ టీకా ప్రతిస్పందన తగ్గింది.

మనుషుల్లో దీనికి దగ్గరి సాక్ష్యం కెన్యా దక్షిణ తీరం నుంచి వచ్చింది. 2020లో వెలువడిన ఆ పత్రంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం 303 మంది శిశువుల పరిశీలన: టీకా సమయానికి రక్తహీనత ఉన్న శిశువుల్లో కంఠసర్పి, కోరింత దగ్గు మొదలైన టీకాలకు ప్రతిస్పందన తక్కువగా ఉంది. రెండో భాగం 127 మందిపై జరిగిన పరీక్ష: ఏడున్నర నెలల వయసు నుంచి నాలుగు నెలలపాటు రోజుకు 5 మిల్లీగ్రాముల ఇనుము కలిసిన పోషక పొడి కొందరికి, ఇనుము లేని పొడి కొందరికి ఇచ్చారు. మధ్యలో 9వ నెలలో తట్టు టీకా వేశారు. ఇనుము అందినవారిలో తట్టు ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉండటమే కాక, అవి ప్రతిజనకాన్ని మరింత గట్టిగా పట్టుకున్నాయి.

ఇంతవరకు చదివి ఆగితే ‘ఇనుము టీకాకు మేలు’ అన్న వాక్యం సిద్ధమవుతుంది. కానీ అదే తూర్పు ఆఫ్రికా తీరానికి చేరువలోని పెంబా దీవిలో 2006లో వెలువడిన మరొక పరీక్ష ఉంది. 24 వేల మంది చిన్నపిల్లల్లో కొందరికి, లోపం ఉందో లేదో చూడకుండా, 12.5 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఇస్తే, వారిలో ఆసుపత్రిలో చేరికలు, మరణాలు పోలిక బృందం కన్నా 12 శాతం ఎక్కువయ్యాయి. ఆ భాగాన్ని మధ్యలోనే ఆపివేయవలసి వచ్చింది. అది మలేరియా తీవ్రంగా ఉన్న ప్రాంతం. సూక్ష్మజీవులకు కూడా ఇనుము కావాలి. దగ్గరి ప్రాంతం, అదే ఖనిజం. ఒకచోట టీకా ప్రతిస్పందన మెరుగుపడింది, మరొకచోట పిల్లల ప్రాణాలకు ముప్పు వచ్చింది. మోతాదు, లోపం, పరిసరాల్లోని వ్యాధులు, ఇచ్చిన పద్ధతి: ఇవి ఫలితాన్ని మార్చే అంశాలు. ‘పెంచుతుంది’ అనే క్రియకు వీటిలో దేన్నీ మోసే సామర్థ్యం లేదు.

8. తెలుగు రాష్ట్రాల సందర్భం

ఈ చర్చ మనకు ఎందుకు అవసరమో అంకెలే చెబుతాయి. 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం దేశంలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 41 శాతం మందికి రక్తహీనత, 32 శాతం మందికి ఇనుము లోపం, 19 శాతం మందికి జింక్ లోపం ఉన్నాయి. 2018లో మొదలైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం కింద 6 నెలల నుంచి 59 నెలల పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్ ఇవ్వాలి. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. తట్టు–రుబెల్లా టీకా మొదటి మోతాదు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు.

ఆరో నెలలో సిరప్, తొమ్మిదో నెలలో టీకా. బిడ్డ ఒక్కటే. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త ఒక్కరే. అయినా ఒకటి పోషకాహార కార్యక్రమం, మరొకటి టీకాల కార్యక్రమం. రెండింటికీ వేర్వేరు లెక్కలు. తొమ్మిదో నెల టీకా నాటికి బిడ్డకు సిరప్ నిజంగా అందిందా అన్న ప్రశ్న ఈ రెండు లెక్కల మధ్య జారిపోతుంది. కెన్యా పరీక్ష విలువ ఇక్కడే. అది మనకు సిద్ధాంతాన్ని ఇవ్వదు, ఎందుకంటే అక్కడ రోజుకు 5 మిల్లీగ్రాములు ఆహారంలో కలిపి ఇచ్చారు, ఇక్కడ వారానికి రెండుసార్లు 20 మిల్లీగ్రాముల సిరప్. అక్కడి ఫలితం ఇక్కడా వస్తుందని ముందే చెప్పలేం. కానీ మన వైద్య కళాశాలలు, పోషకాహార విభాగాలు పరీక్షించదగిన ఒక స్పష్టమైన ప్రశ్నను అది ఇస్తుంది.

‘రోగనిరోధక శక్తి’ గురించిన మన రచన ఈ బిడ్డను చూడదు. అది మాట్లాడేది మందులషాపులో బిళ్లల సీసా కొనగల పాఠకుడితో. అతనికి చాలావరకు లోపం ఉండకపోవచ్చు. ఉన్నా పరీక్షించుకోకుండానే కొంటాడు. లోపం ఉన్న బిడ్డకు ఆ వ్యాసం చేరదు, ఆ సీసా చేరదు. ‘అందరికీ మేలు’ అన్న వాక్యం ఆచరణలో అవసరం లేనివారికి అమ్మకంగా, అవసరం ఉన్నవారికి నిశ్శబ్దంగా మారుతోంది.

9. ఒక ఆక్షేపణ, సమాధానం

జనానికి రాసేటప్పుడు ఇన్ని షరతులు పెడితే ఎవరు చదువుతారన్నది సహజమైన ఆక్షేపణ. సరళత అవసరమే. కానీ సరళత వేరు, ఏకవచనం వేరు. ‘జింక్ రోగనిరోధక శక్తిని పెంచుతుంది’ అన్న వాక్యానికి బదులు, ‘ఒంట్లో జింక్ తక్కువైన పిల్లలకు జింక్ ఇస్తే కొన్ని టీకాలు కొంత బాగా పట్టవచ్చు, తక్కువ కానివారికి ఇస్తే మేలు జరుగుతుందని తేలలేదు’ అని రాయవచ్చు. ఇందులో కఠినమైన పదం ఒక్కటీ లేదు. పొలానికి ఎరువు వేసేముందు మట్టి పరీక్ష చేయించాలని రైతుకు చెప్పే వ్యవసాయ శీర్షికలు తెలుగులో దశాబ్దాలుగా ఉన్నాయి. జింక్ లోపించిన చేనుకే జింక్ సల్ఫేట్ వేయాలని మన రైతులకు తెలుసు. నేల విషయంలో పాటించే వివేకం ఒంటి విషయంలో అర్థం కాదనుకోవడం పాఠకుణ్ణి తక్కువ అంచనా వేయడమే.

రెండో జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ఈ విమర్శను టీకాల మీద సందేహంగా చదవకూడదు. ఖనిజ పోషకాలు అందేదాకా టీకా వాయిదా వేయాలని పై పరీక్షల్లో ఒక్కటీ చెప్పలేదు. రక్తహీనత ఉన్న బిడ్డకు టీకా కొంత తక్కువగా పట్టవచ్చు. టీకా లేని బిడ్డకు రక్షణే లేదు.

10. ముగింపు

ఖనిజ పోషకాలు, టీకా ప్రతిస్పందనల సంబంధాన్ని గురించి రాసే ప్రతి వాక్యమూ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: పుచ్చుకున్నవారికి లోపం ఉందా? ఏ టీకా? ఎంత మోతాదు, టీకాకు ముందా వెనుకా? ఏ ప్రతిస్పందనను కొలిచారు? బంగ్లాదేశ్ పిల్లల్లో ఒకే జింక్ రెండు దిశల్లో పనిచేయడం, వేలూరులో 27, 28 శాతాల దగ్గరే ఆగిపోవడం, కెన్యాలో మేలుచేసిన ఇనుము పెంబాలో కీడు చేయడం: ఇవన్నీ ఈ నాలుగు ప్రశ్నలకు వేర్వేరు జవాబుల ఫలితాలే.

తెలుగులో ‘టీకా’ అన్న మాటకు సూదిమందు అనీ వ్యాఖ్య అనీ రెండర్థాలున్నాయి. మూలంలోని ప్రతి పదాన్నీ విడదీసి అర్థం చెప్పడం వ్యాఖ్యాతల సంప్రదాయం. ‘రోగనిరోధక శక్తి’ అన్న మాటకు ఆ రకమైన టీకా ఇంకా రాయవలసి ఉంది. పదాన్ని మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. ‘అసంక్రామ్యత’ను తిరిగి తెచ్చినా దాని పక్కన ‘పెంచుతుంది’ అన్న క్రియ చేరితే పాత కథే మొదలవుతుంది. శాస్త్ర విషయాలు బోధించే అధ్యాపకులు, ఆరోగ్య రచనను పరిశోధనాంశంగా తీసుకునే విద్యార్థులు పదంకన్నా వాక్యాన్ని పరీక్షకు పెట్టాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు, దేనికి అన్నవి లేని ఆరోగ్య వాక్యాన్ని అసంపూర్ణ వాక్యంగా గుర్తించే అలవాటు మన తరగతి గదుల్లో ఏర్పడితే, అది పత్రికలకూ చేరుతుంది, చివరికి సిరప్ అందవలసిన బిడ్డ మీదికి దృష్టిని మళ్లిస్తుంది.